ఇంటి దీపం: ప్రమిద మొదలు ఎల్.ఇ.డి. వరకు

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, కోటలు మన మనసులో మెదులుతాయి. సాయంకాలం ఇంట్లో వెలిగే దీపానికి కూడా ఒక చరిత్ర ఉన్నదని సాధారణంగా మనం తలచుకోము. కాని పొట్టకూటి కోసం పొరుగు రాష్ట్రాలకు వచ్చి, తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన మనబోటి వారికి ఈ చరిత్ర తక్కినవారి కంటె ఎక్కువగా సంబంధించినది. ఎందుచేతనంటే, పగలు మనది కాదు. పగలు బజారులో, పనిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో మాట్లాడుతాము. పిల్లలు బడిలో ఆ భాషలలోనే చదువుకుంటారు. మనకంటూ తెలుగు మిగిలేది పొద్దు వాలిన తరువాత, ఇంటి గడప లోపల. అ ఆలు దిద్దించడమైనా, భాగవతంలోని కథ చెప్పడమైనా, ఊరినుంచి వచ్చిన జాబు చదువుకోవడమైనా అప్పుడే. దీపం ఎంతసేపు వెలిగితే అంతసేపే మనకు తెలుగు.

కాబట్టి ఇంటి దీపం ఎంత ఖర్చుకు వెలిగింది, ముందు ఎవరి కోసం వెలిగింది, చివరకు ఎవరి ఇంటికి వచ్చింది అన్నవి మనకు కేవలం కుతూహలపు ప్రశ్నలు కావు. గడచిన పదేళ్ళ చిల్లర కాలంలో మన ఇళ్ళలో గాజు బల్బులు, ట్యూబులైట్లు పోయి, చిన్న చిన్న ఎల్.ఇ.డి. దీపాలు వచ్చి కూర్చున్నాయి. ఏ సంబరమూ లేకుండా జరిగిపోయిన ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

ఆముదపు కాలం

మన పూర్వుల ఇళ్ళలో వెలుగంటే ఆముదపు దీపమే. తెలంగాణంలోను, రాయలసీమలోను మెట్ట చేలలో ఆముదాలు పండేవి. ఆముదం చిక్కగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది, పొగ తక్కువ. అందుచేత దీపానికి అది మేలైన నూనె. అది అందనిచోట కానుగ నూనె, ఇప్ప నూనె వాడేవారు. మైసూరు సీమకు వచ్చిన మనవారు మన కానుగనే ఇక్కడివారు హొంగె అంటారని తెలుసుకుని, ఆ నూనెతోనే దీపాలు పెట్టుకున్నారు. గోడలో దీపపు గూడు, నట్టింట సెమ్మె, దేవుని దగ్గర కుంది, ఇంతే ఇంటి దీపాల పట్టిక.

ఆ వెలుగు ఎంతటిదో మన నుడికారమే చెబుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో అన్న సామెత నూనె ఖరీదు తెలిసినవారు పుట్టించినది. దీపం ఆరిందని అనడానికి మనసొప్పక, కొండెక్కిందని అన్నారు. నూనె అంటే గానుగ ఆడించుకున్న సొత్తు. అది తిండికీ కావాలి, తలకూ కావాలి, దీపానికీ కావాలి. అందుచేత పేద ఇంటిలో చీకటి పడకముందే వంట, భోజనం ముగిసేవి. రాత్రి చదువు కలిగినవారి ఇళ్ళకే పరిమితమై ఉండేది.

పందొమ్మిదవ శతాబ్దం చివర కిరసనాయిలు వచ్చింది. మొదట అమెరికా నుంచి, రష్యా నుంచి, పిమ్మట బర్మా నుంచి డబ్బాలలో దిగింది. ఆముదం కంటె చవక, వెలుగు ఎక్కువ. కాని గుడ్డి దీపం పొగకు గోడలు నల్లబడ్డాయి, ముక్కులు మసిబారాయి, కళ్ళు మండాయి. చీర కొంగుకు నిప్పంటుకున్న ప్రమాదాలకు లెక్కలేదు. గాజు చిమ్నీ గల హరికేన్ లాంతరు కొంత గౌరవమైన దీపం. పొద్దు వాలేసరికి దాని చిమ్నీని బూడిదతో తుడిచి, వత్తి కత్తిరించి సిద్ధం చేయడం ఆడపిల్లల పని. పెళ్ళిళ్ళకు, నాటకాలకు మాత్రం పెట్రోమాక్సు దీపాలు అద్దెకు తెచ్చేవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కిరసనాయిలు రేషనులోకి వెళ్ళింది. తరువాత కూడా అనేక దశాబ్దాలు రేషను దుకాణం ముందు డబ్బా పట్టుకుని నిలబడడం బీద ఇంటికి తప్పలేదు.

కావేరి వెలుగు గనికి వెళ్ళింది

ఇక విద్యుత్తు కథ. దక్షిణ దేశంలో దీని తొలి అధ్యాయం మనం నివసిస్తున్న ఈ కర్ణాటక సీమలోనే జరగడం విశేషం. మైసూరు సంస్థానానికి 1883 నుంచి దివానుగా ఉన్న కె. శేషాద్రి అయ్యరు గారి హయాములో, శివనసముద్రం దగ్గర కావేరి జలపాతం నుంచి విద్యుత్తు తీయాలని సంకల్పించారు. ఇంజనీరు జోలీ ద లోబినియేరు ఈ పథకానికి రూపకల్పన చేశారు. 1902 జూన్ 30న ఆ కరెంటు 92 మైళ్ళ తీగ మీద ప్రయాణం చేసి కోలారు బంగారు గనులకు చేరింది. ఆ రోజులకు అది ప్రపంచంలోనే అతి దీర్ఘమైన విద్యుత్ లైన్లలో ఒకటి. శేషాద్రి అయ్యరు గారు 1901లోనే కాలధర్మం చెందారు. తాము తలపెట్టిన వెలుగును వారు చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కావేరి విద్యుత్తు మొట్టమొదట వెళ్ళింది ఇళ్ళకు కాదు, గనికి. బంగారం తీసే యంత్రాలను ఆడించడానికి ఆ కరెంటు పుట్టింది. కొనుగోలుదారు గనుల కంపెనీ గనుక పథకానికి డబ్బు కుదిరింది. ఆ గనులలో దిగినవారిలో మన తెలుగువారు తక్కువేమీ కాదు. కోలారు సీమ అంతా తెలుగు వినిపించే ప్రాంతమే. నేటి చిత్తూరు ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి వేలమంది అక్కడికి కూలికి వెళ్ళారు. కరెంటు వారి పనిని వెతుక్కుంటూ వచ్చింది. వారి ఇంటిని వెతుక్కుంటూ రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1905 ఆగస్టు 5న బెంగుళూరు నగరంలో వీధి దీపాలు వెలిగాయి. గని తరువాత వీధి. వీధి తరువాత బంగళాలు. ఆ తరువాతనే సామాన్యుని ఇల్లు. ఈ వరుస ఒక్క మైసూరుది కాదు, దేశమంతటిదీను.

మిల్లులో దీపం

దీపం వస్తే అందరికీ సుఖమేనని అనుకుంటాము. బొంబాయి వెళ్ళిన మనవారి అనుభవం వేరు. కామాటిపురాకు ఆ పేరు అక్కడ స్థిరపడిన తెలుగు కామాటీల వల్ల వచ్చినదే. తరువాత తెలంగాణం నుంచి పద్మశాలీలు బొంబాయి మిల్లులకు, షోలాపూరుకు, భివండీకి వెళ్ళి మగ్గాల మీద బ్రతికారు. మిల్లులలో విద్యుద్దీపాలు లేనంతకాలం పొద్దుతో పాటే పని మొదలై, పొద్దుతో పాటే ఆగేది. దీపాలు పెట్టిన తరువాత యజమానులకు పొద్దుతో పనిలేకపోయింది. 1905 నాటికి కొన్ని మిల్లులలో రోజు పని 14 గంటలు దాటింది. కార్మికులు ఎదురు తిరిగారు. చివరకు 1911 ఫ్యాక్టరీల చట్టం బట్టల మిల్లులలో పురుషుల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది.

అంటే ఏమన్నమాట? మిల్లులో వెలిగిన దీపం కార్మికుని సాయంకాలాన్ని తీసుకున్నది. బిడ్డకు నాలుగు తెలుగు ముక్కలు చెప్పవలసిన తండ్రి దీపం కింద సాంచా నడుపుతున్నాడు. ఇంటిలో గుడ్డి దీపం, మిల్లులో విద్యుద్దీపం! దీపం మంచిదా చెడ్డదా అన్నది దీపంలో లేదు, దానిని ఎవరు ఎవరి కోసం వెలిగిస్తున్నారన్న దానిలో ఉన్నది.

ఒక్క బల్బు ఇల్లు

స్వాతంత్ర్యానంతరం నీటి విద్యుత్తు పథకాలు విరివిగా వచ్చాయి. 1955లో ఆంధ్ర, ఒడిశాలు ఉమ్మడిగా నిర్మించుకున్న మాచ్‌ఖండ్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. కోరాపుట్ కొండలలోని నీరు విశాఖపట్టణంలో వెలుగైంది. తుంగభద్ర కరెంటు బళ్ళారి సీమకు అందింది. పట్టణాలలో అద్దె ఇళ్ళకు కూడా మెల్లగా తీగలు వచ్చాయి. అయినా చాలా ఇళ్ళలో ఒక్క బల్బే. నడిమి గదిలో దూలానికి వేలాడే ఆ బల్బు కిందనే వంటకు కూరలు తరగడం, పిల్లల చదువు, పెద్దల కబుర్లు అన్నీ జరిగేవి. ఆ బల్బు మాడిపోతే కొత్తది కొనడానికి ఒకటో తారీఖు దాకా ఆగిన ఇళ్ళు ఎన్నో.

1988-89లో కేంద్ర ప్రభుత్వం కుటీర జ్యోతి అనే పథకం పెట్టినప్పుడు కూడా, బీద ఇంటికి ఇచ్చినది ఒక్క దీపపు కనెక్షనే. 2001 జనాభా లెక్కలలో దేశంలోని ఇళ్ళలో నూటికి 55.8 మాత్రమే విద్యుద్దీపాల ఇళ్ళు, 43.3 కిరసనాయిలు ఇళ్ళు. 2011 నాటికి విద్యుద్దీపాల ఇళ్ళు 67.2కు పెరిగాయి. అప్పటికీ నూటికి 31 ఇళ్ళలో కిరసనాయిలు దీపమే. శివనసముద్రం వెలిగిన 109 ఏళ్ళ తరువాతి లెక్క ఇది!

ఆ గాజు బల్బు గుణమేమిటో కూడా చెప్పుకోవాలి. 1879లో ఎడిసన్ వెలిగించిన నాటినుంచి దాని సూత్రం మారలేదు. సన్నని తీగను ఎర్రగా, తెల్లగా కాగేట్టు చేస్తే అది వెలుగుతుంది. తొలుత బొగ్గు తీగ, తరువాత టంగ్‌స్టన్ తీగ. అది తిన్న కరెంటులో నూటికి అయిదు పాళ్ళు కూడా సరిగా వెలుగు కాదు, తక్కినదంతా వేడి. దీపం పేరుతో మనం కుంపటి వెలిగించుకున్నామన్న మాట. పడకగదిలో పెట్టే జీరో బల్బు కూడా పేరుకే సున్నా, దాదాపు 15 వాట్లు తాగేది. తరువాత వచ్చిన ట్యూబులైటు మెరుగే గాని, 40 వాట్ల ట్యూబుకు తోడు చోకు మరికొంత తినేది. వోల్టేజి తగ్గినప్పుడు స్టార్టరు టపటప కొట్టుకోవడం మనకు తెలిసినదే. దాని తమ్ముడు సి.ఎఫ్.ఎల్.ను ఇంటింటికీ 15 రూపాయలకు ఇవ్వాలని 2009లో బచత్ లాంప్ యోజన పెట్టారు. కాని ఈ రెండింటిలోను పాదరసం ఉన్నది. పగిలితే ప్రమాదం, పారవేస్తే నేలకు విషం.

నీలి వెలుగు కోసం ముప్పయి ఏళ్ళు

ఎల్.ఇ.డి.లో కాగే తీగ లేదు, పాదరసపు ఆవిరి లేదు. రెండు రకాల అర్ధవాహక పదార్థాలు కలిసే చోట కరెంటు ప్రవహించినప్పుడు వెలుగు పుడుతుంది. అది మిణుగురు వెలుగులాగ చల్లనిది. దీపం వెనుక వేడెక్కేది ముఖ్యంగా కరెంటును మార్చి ఇచ్చే చిన్న యంత్రాంగమూ, ఆ పదార్థమూ మాత్రమే.

1962లో నిక్ హోలోన్యాక్ అనే అమెరికా శాస్త్రవేత్త కంటికి కనబడే ఎర్రని ఎల్.ఇ.డి.ని తయారు చేశారు. తరువాత ఆకుపచ్చ వచ్చింది. రేడియోల మీద, లెక్కల యంత్రాల మీద ఆ చుక్కలు మెరిశాయి. కాని ఇంటికి కావలసినది తెల్లని వెలుగు. దానికి నీలం కావాలి. నీలం మాత్రం లొంగలేదు. గాలియం నైట్రైడు అనే పదార్థాన్ని మచ్చలేని స్ఫటికంగా పెంచడం అసాధ్యమని చాలామంది వదలివేశారు. జపానులో నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో, తొకుషిమాలోని నిచియా అనే కంపెనీలో షూజీ నకమురా పట్టువదలలేదు. 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. బయటికి వచ్చింది. దాని మీద పసుపు వెలుగునిచ్చే పూత పూస్తే తెలుపు సిద్ధించింది. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ధర దిగిన కథ

శాస్త్రజ్ఞుడు దీపం కనిపెట్టినంత మాత్రాన అది పేద ఇంటికి రాదు. ఎల్.ఇ.డి. కూడా మొదట ఖరీదైన హోటళ్ళకు, కచేరీలకు వెళ్ళింది. పాత వరుసే మళ్ళీ నడిచేట్టు కనిపించింది. ఈ సారి దానిని తప్పించినది ధర.

2009లో ఏర్పడిన ఇ.ఇ.ఎస్.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ ఒక ఉపాయం పన్నింది. ఇంటికి ఒకటి చొప్పున కొంటే ఖరీదు దిగదు. కోట్ల దీపాలకు ఒకేసారి టెండరు పిలిస్తే దిగుతుంది. యానాం చేరి ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో 2014లో ఈ పద్ధతిని తొలుత ఆచరించి చూశారు. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలలో పాత బల్బులు తీసుకుని, పది రూపాయలకు ఒక ఎల్.ఇ.డి. ఇచ్చారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణాన్ని చీకటి చేసిపోయిన తరువాత, ఆ నగరపు వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చారు. 2015 జనవరి 5న ఈ పథకం దేశవ్యాప్తమైంది. దానికే తరువాత ఉజాలా అని పేరు వచ్చింది. కర్ణాటకంలో అది 2015 చివర హొస బెళకు, అనగా కొత్త వెలుగు, అన్న పేరుతో మన వీధులకు వచ్చింది.

ఫలితం చూడండి. 2014 ఆరంభంలో సంస్థ ఒక దీపానికి ఇచ్చిన ధర 310 రూపాయలు. 2016లో ఒక దీపానికి ఇచ్చినది 38 రూపాయలు. ఆ పథకం కింద 36 కోట్లకు పైగా దీపాలు పంచారు. బజారు ధరలు కూడా దిగివచ్చాయి. బంగళాలోను, గుడిసెలోను ఒకే తొమ్మిది వాట్ల దీపం వెలగడం మన దేశ చరిత్రలో ఇదే మొదలని మా అభిప్రాయం. ఆముదం నాడు సెమ్మెకూ ప్రమిదకూ భేదం ఉన్నది. కిరసనాయిలు నాడు లాంతరుకూ గుడ్డి దీపానికీ భేదం ఉన్నది. ఈ దీపానికి ఆ కులభేదం లేదు.

గృహస్థుకు నాలుగు మాటలు

లెక్క తేలికైనది. 60 వాట్ల బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే ఏడాదికి సుమారు 110 యూనిట్లు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. అంతసేపూ వెలిగి 16 యూనిట్లు పుచ్చుకుంటుంది. ఒక్క దీపం మీద ఏటా 93 యూనిట్ల ఆదా.

అయితే అట్టపెట్టె మీద వాట్లు చూసి మోసపోకూడదు. వాట్లు తిండి, ల్యూమెన్లు వెలుగు. ఎక్కువ ల్యూమెన్లు, తక్కువ వాట్లు గలదే మంచి దీపం. కెల్విన్ అని రాసినది రంగు. 2700, 3000 అంటే పాత బల్బు పసుపు ఛాయ. 6500 అంటే తెల్లని వెలుగు. చదువుకునే బల్లకు తెలుపు, పడకగదికి పసుపు హాయి. భారత ప్రమాణాల గుర్తు, నక్షత్రాల గుర్తు లేని దీపం రోడ్డు పక్క ఎంత చవకగా దొరికినా కొనవద్దు. పాతికవేల గంటలు వెలుగుతుందని పెట్టె మీద రాసినా, లోపలి యంత్రాంగం వేడికి, వోల్టేజి ఒడిదుడుకులకు ముందే చెడిపోవచ్చు. గాలి ఆడని మూసిన డోములో పెడితే దాని ఆయుష్షు మరింత తగ్గుతుంది. పాడైన సి.ఎఫ్.ఎల్.లను, ట్యూబులను చెత్తకుండీలో పగలగొట్టక, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవారికి ఇవ్వాలి.

మరొక మాట. చవకైంది గదా అని గది గదికీ, మూల మూలకూ, మిద్దె చుట్టూ రాత్రంతా వెలిగిస్తే ఆదా అంతా ఆవిరైపోతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న పెద్దల మాటకు ఇంకా కాలదోషం పట్టలేదు.

ఇక మన వంతు

గని నుంచి వీధికి, వీధి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి బంగళాకు తిరిగి తిరిగి, నూరేళ్ళు దాటిన తరువాత వెలుగు మన ఇంటికి నిండుగా వచ్చింది. నూనె లేదని, కిరసనాయిలు దొరకలేదని, బల్బు మాడిందని, కరెంటు బిల్లు భారమని ఇంటి చదువు మానుకునే రోజులు ఇప్పుడు లేవు. ఒక ఎల్.ఇ.డి. కింద బిడ్డను గంటసేపు కూర్చోబెట్టి తెలుగు చదివిస్తే అయ్యే కరెంటు ఒక యూనిట్టులో నూరో వంతైనా కాదు.

మన తాతలు గుడ్డి దీపం పొగలో కళ్ళు నలుపుకుంటూ పెద్దబాలశిక్ష దిద్దించారు. పన్నెండు గంటలు మిల్లులో నిలబడి వచ్చి కూడా తెలుగును ఇంట్లో బ్రతికించారు. అందువల్లనే నేడు ఈ సంచికను తెలుగులో అచ్చువేసుకుని, తెలుగులో చదువుకోగలుగుతున్నాము. వారికి వెలుగు తక్కువ, పట్టుదల ఎక్కువ. మనకు వెలుగు ఎక్కువ. ఆ వెలుగులో గోడమీది టెలివిజనును, చేతిలోని ఫోనును మాత్రమే చూస్తూ కూర్చుంటే, మనవళ్ళ నాటికి ఈ పుటలు చదివేవారు ఉండరు.

కనుక ఈ ఉగాది నాడు ప్రతి తెలుగు ఇల్లూ రోజుకు ఒక్క గంట దీపాన్ని తెలుగుకు కేటాయించాలని మా కోరిక. దేవుని ముందు ప్రమిద యథాప్రకారం వెలుగుతూనే ఉండాలి. దాని పక్క గదిలో ఎల్.ఇ.డి. కింద ఒక తెలుగు పుస్తకం తెరచి ఉండాలి. పాఠక సోదర సోదరీమణులకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.